రైలు మాట లేని ఇల్లు

పొద్దున్నే లేవగానే లీలారాణి చేసే మొదటి పని పడమటి కిటికీ మూయడం. విజయనగరంలో పట్టాలకి దూరంగా, ఊరి చివర కాలనీలో వెతికి వెతికి అద్దెకు తీసుకున్న ఇల్లది. అయినా గాలి అటునుంచి వీస్తే తెల్లవారి గూడ్సు కూత సన్నగా వినిపిస్తుంది.

ఆమె భర్త ఇమ్మానుయేలు ఒకప్పుడు గూడ్సు రైలు డ్రైవరు. అయిదేళ్ళ కిందట అతని బండి కింద ఒక మనిషి పడి చనిపోయాడు. డ్రైవరు తప్పేమీ లేదని విచారణలో తేలింది. కొన్నాళ్ళకి డ్యూటీ ఎక్కబోతే చేతులు వణికిపోయాయి. రాత్రుళ్ళు నిద్ర లేదు. చివరికి ఉద్యోగమే వదిలేసి, మిషన్ బడిలో గుమాస్తాగా చేరాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ రైలు మాట ఎత్తరు. ఆమదాలవలసలో ఉన్న ఆమె మామగారింటికి వెళ్ళినా బస్సులోనే. టీవీలో రైలు కనబడితే లీలారాణి ఛానల్ మార్చేస్తుంది. అలా కాచుకోబట్టే భర్త మనిషిగా తిరుగుతున్నాడని ఆమె నమ్మకం.

ఆ రోజు ఆమె ఉప్మాకి రవ్వ వేయిస్తుంటే కూతురు షీబా వంటింట్లోకి వచ్చింది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పూర్తి చేసి ఏడాదిగా పోటీ పరీక్షలు రాస్తున్న పిల్ల.

"అమ్మా, ఒక మాట చెప్పాలి. పొయ్యి కట్టెయ్."

"సెప్పు. చేతులు పన్లో ఉన్నాయి గానీ చెవులు కాళీయే."

"ఉద్యోగం వచ్చింది. రైల్వేలో, అసిస్టెంట్ లోకో పైలట్. మెడికల్ కూడా అయిపోయింది. వచ్చే నెల ట్రైనింగు."

లీలారాణి గభాలున పొయ్యి ఆపి, స్నానాల గది వైపు చూసింది. "మెల్లగా మాటాడు. మీ నాన్న ఇంటారు."

సంతోషమన్నా, కోపమన్నా కాకుండా తల్లి నోట ముందుగా ఆ మాట రావడంతో షీబా ముఖం చిన్నబోయింది.

"బేంకు పరీక్షలన్నావు కదే."

"రైల్వే అంటే రాయనిచ్చేదానివా?"

"ఎలాగ రాయనిస్తాను? ఆ ఇంజినే మీ నాన్నని తినీసింది. ఇప్పుడు నువ్వెక్కుతావేటి? తెలిస్తే ఆయనేటయిపోతారో ఆలోచించావా?"

"నాన్న గాజుగ్లాసా అమ్మా, అన్నిటికీ పగిలిపోడానికి? ఇన్నేళ్ళలో ఆ రోజు ఏం జరిగిందో ఎప్పుడైనా చెప్పాడా? నువ్వెప్పుడైనా అడిగావా?"

"నీకేటి తెలుసే. మనసు వైద్యం సేసే డాక్టరమ్మ కాడికి మాటాడ్డానికి పంపినప్పుడల్లా చొక్కా తడిసిపోయేలా చెమటలు పట్టి, ఇంటికొచ్చి వణుకుతా ఏడ్సీవారు. సూళ్ళేక నేనే మాన్పించీసాను. అడిగితే మళ్ళీ అదే అవుతాది."

వెనక తలుపు చప్పుడైంది. భుజాన తువ్వాలుతో ఇమ్మానుయేలు నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో అతని ముఖమే చెబుతోంది. ఇద్దరినీ ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి చొక్కా తొడుక్కున్నాడు. టిఫిను తినకుండా, స్కూటర్ తీయకుండా నడిచి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బడికి ఫోన్ చేస్తే రాలేదన్నారు. లీలారాణి కాసేపు కూతుర్ని తిట్టింది, కాసేపు ప్రార్థన చేసుకుంది. తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు చేసింది. పొద్దు వాలాక షీబా చెప్పులేసుకుంది.

"స్టేషన్ దగ్గర చూసొస్తాను."

"అక్కడికెందుకెళ్తారే?"

"ఏమో. ఇంకెక్కడని వెతకను?"

ఆమె గుమ్మం దాటకముందే ఇమ్మానుయేలు వచ్చాడు. కాళ్ళ నిండా దుమ్ము. మంచినీళ్ళడిగి, చెంబెడూ తాగి కుర్చీలో కూర్చున్నాడు.

"స్టేషన్‌కే ఎళ్ళాను. లోపలికెళ్ళలేకపోయాను. బయట టీకొట్టు కాడ కూకున్నాను. కూత ఇనిపించినప్పుడల్లా లేచి రోడ్డు దాకా పోయీవాణ్ణి. మళ్ళీ వచ్చి కూకునీవాణ్ణి."

లీలారాణి అలవాటు కొద్దీ, "సర్లెండి, ఇప్పుడవన్నీ ఎందుకు, అన్నం తిందురు గానీ," అనబోయి కూతురి కళ్ళు చూసి ఆగిపోయింది. భర్త ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఆ రోజు ఏటయింది?" అని అడిగింది.

ఇమ్మానుయేలు ఖాళీ చెంబు కింద పెట్టాడు.

"చీపురుపల్లి దాటాక మలుపు తిరిగాం. బొగ్గు బండి. ఒకాయన ఎద్దుని తోలుకొని పట్టాలు దాటతన్నాడు. ఎమర్జెన్సీ బ్రేకేసాను. కూత మీద చెయ్యి తియ్యలేదు. అంత బరువు ఎక్కడాగుతాది? ఎద్దు దాటిపోనాది. ఆయన దాటలేకపోయాడు. ఇటు తిరిగి నన్ను సూసాడు. సూసి... బస్సుని ఆపినట్టు చెయ్యెత్తాడు."

షీబా వచ్చి తండ్రి పక్కన నిలబడింది.

"ఆపుతాననుకున్నాడు. అందరూ తప్పు నీది కాదన్నారు గానీ, ఆ చెయ్యి సంగతి ఎవరికీ తెలీదు. నేను సెప్పలేదు."

"నాకైనా సెప్పలేకపోయారా?"

"నువ్వడుగుతావని సూసాను, లీలా. కిటికీలు మూసీసేదానివి, టీవీ మార్సీసేదానివి. ఇది ఇంట్లో సెప్పకూడని మాట కామోసు అనుకున్నాను."

లీలారాణి అతని మోకాలి మీద తల ఆనించి ఏడ్చింది. భర్త బాధపడకూడదనే అన్నీ మూసింది. లోపల ఆయన ఒక్కడే ఆ మనిషితో మిగిలిపోయాడని ఇన్నేళ్ళూ తెలుసుకోలేదు.

కాసేపటికి ఇమ్మానుయేలు కూతురి వైపు తిరిగాడు.

"ఎళ్ళమ్మా. ఇంజినెక్కు. ఆ పన్లో ఎప్పుడో ఒకప్పుడు నీ ముందుకీ ఎవరో ఒకరు రావచ్చు. రాకూడదనే దేవుణ్ణి అడుగుదాం. వస్తే మటుకు నాలాగ దాసుకోకు. ఆ రోజే ఫోన్ చేసి సెప్పు. నేనింటాను."

తర్వాతి వారం లీలారాణే అతన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చాక అతను మునుపటిలాగే వణికాడు, ఏడ్చాడు. ఈసారి ఆమె మాన్పించలేదు. పక్కన కూర్చుని, వణుకు తగ్గేదాకా చెయ్యి పట్టుకుంది. వణుకు తగ్గుతుందని కూడా ఆమెకి అప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ చెప్పినట్టు, ఆదివారం చర్చి అయ్యాక ముగ్గురూ స్టేషన్ వైపు నడిచేవారు. ఒకసారి టీకొట్టు దాకా, ఒకసారి టికెట్ల కిటికీ దాకా. ఒక ఆదివారం దారిలో వంతెన మీదే ఇమ్మానుయేలు కాళ్ళు ఆగిపోయాయి. "నా వల్ల కాదు," అని తనమీద తనే విసుక్కున్నాడు.

"ఇందాకా వచ్చాం కదా. ఇయ్యేళకి సాలు," అంది లీలారాణి. పై వారం మళ్ళీ బయల్దేరారు.

షీబా ట్రైనింగుకి వెళ్ళే రోజు అతను ప్లాట్‌ఫారం మీదికి వచ్చాడు. పెట్టె అందించి, జాగ్రత్తలు చెప్పాడు. రైలు కదిలేముందు ఇంజిను పెద్దగా కూత పెట్టింది. ఇమ్మానుయేలు వేళ్ళు భార్య మణికట్టు మీద గట్టిగా బిగుసుకున్నాయి. నొప్పిపుట్టినా ఆమె చెయ్యి లాక్కోలేదు. పదండి ఇంటికెళ్పోదాం అనలేదు. చివరి బోగీ వెళ్ళిపోయాక మెల్లగా అడిగింది.

"ఏటి కనపడతన్నాది?"

"ఆ చెయ్యే. ఆయనే."

"ఇంకేటి?"

అతను ఊపిరి పీల్చుకుని, పట్టాల వైపు చూశాడు. "నేను మొట్టమొదట బండి నడిపిన రోజు," అన్నాడు.

"అదీ నాకెప్పుడూ సెప్పలేదు."

"సెప్తాను, కూకో."

ఇద్దరూ సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. వర్షంలో తడిసిన ఇంజిను గురించి, భయంతో చేతులు చల్లబడిపోతే టీ గ్లాసిచ్చిన పాత డ్రైవరు గురించి అతను చెప్పడం మొదలుపెట్టాడు. లీలారాణి బుగ్గన చెయ్యి పెట్టుకుని వింటోంది. మధ్యలో అవతలి లైను మీద గూడ్సు బండి ఒకటి హోరుమంటూ వచ్చింది. ఇమ్మానుయేలు మాట ఆపి, కళ్ళు మూసుకుని, బల్ల అంచు పట్టుకున్నాడు. బండి దాటిపోయింది. అతను కళ్ళు తెరిచి, ఎక్కడ ఆపాడో అక్కడినుంచే మళ్ళీ అందుకున్నాడు.