ఆకుబూర తప్పు

కోనమ్మకు పులంటే భయం లేదు, రాక్షసంటే భయం లేదు. ఆమె భయమల్లా ఒక్కటే. ఆకలికి తాళలేక ఊరివాళ్ళు తన మొగుణ్ణే కొట్టి వండుకు తింటారేమోనని.

గండికోన రాజ్యంలో వానలు ముఖం చాటేశాయి. చేలు బీడుపడ్డాయి. రాజుగారి వంటశాల నుంచి పూరిగుడిసె దాకా అందరికీ వేటే దిక్కు. అక్కడి వేటగాళ్ళకు ఒక కట్టు ఉండేది. ఆకు చుట్టి చేసిన ఆకుబూర ఊది కౌజుపిట్టల్ని పిలవచ్చు, దుప్పిపోతుల్ని పిలవచ్చు, కూన ఏడ్పు మాత్రం ఊదకూడదు. అది విని పరుగెత్తుకొచ్చేది తల్లి కదా! కోనమ్మ మొగుడు గురవయ్య ఒకనాడు ఏమీ దొరక్క, ఇంట్లో పసిబిడ్డ గుర్తొచ్చి ఆ కట్టు తప్పాడు. తల్లిజింక వచ్చింది. బాణం వదిలాడు. అడవిని కాచే వనరక్కసి మండిపడి, ఊరంతా వినబడేలా శపించింది. అతనూ, వెంట ఉన్న వేటగాళ్ళూ జింకలై మందలో కలిసిపోయారు.

ఇక ఏ జింకను చూసినా ఎవరి మొగుడో, ఎవరి కొడుకో! విల్లెత్తడానికి చేతులు రాలేదు. కానీ ఆకలి ఎన్నాళ్ళు ఊరుకుంటుంది? అడవి చుట్టూ వలలు కట్టి, దొరికిన జింకనల్లా సాయంత్రంలోగా కొట్టి తెమ్మని రాజు చాటింపు వేయించాడు.

"చంటోణ్ణేసుకుని యాడికే పోతావు? పిచ్చి పట్టిందా?" అంది అత్త నాంచారి.

"ఈడ కూసుంటే నీ కొడుకు ఎవురి కుండలో ఉడుకుతాడో, అత్తా!" అని కోనమ్మ బిడ్డను వీపున కట్టుకుని రక్కసిని వెతుక్కుంటూ అడవిలోకి కదిలింది.

వాగు ఒడ్డున గుర్రమంత ముళ్ళపంది అడ్డు నిలిచింది. "నా వీపులో బాణపు ములికి దిగింది. పీకితేనే దారి. చెయ్యి చీరుకుపోతే నన్ను తిట్టుకోకు!"

కోనమ్మ పళ్ళబిగువున పీకింది. నెత్తురు కారుతున్న చేత్తోనే, అది చూపిన ముళ్ళపొదల సందులోంచి పాకింది. అవతల మద్దిచెట్టంత రక్కసి కూర్చుని ఉంది. ఒళ్ళో డొక్కలెండిన జింకకూన.

"వచ్చావా, వేటగాడి పెళ్ళామా! బాణం తెచ్చావా, బూర తెచ్చావా?"

"బిడ్డను తెచ్చినానమ్మా. నాకాడ ఇంకేం లేదు."

"దీని తల్లిని చంపినవాడి ఇంటి పాలు ఇది కడుపారా తాగితే శాపం పోతుంది. ఇది చచ్చిందా, మీవాళ్ళు జింకలుగానే చస్తారు."

కోనమ్మకు తిండిలేని ఒంట్లో ఉన్నవే కాసిని పాలు. అవి బిడ్డవి. దూరాన జింకల్ని తోలే వేటడప్పులు మోగుతున్నాయి. ఆమె బిడ్డను గడ్డిలో పడుకోబెట్టి కూనను ఎత్తుకుంది. అది మూతి తిప్పేసుకుంది.

"తాగవే నా తల్లీ, నీకు దండం పెడతా!"

కూన రొమ్మందుకుంది. బిడ్డ గుక్కపట్టాడు. ఆ ఏడ్పుకు పొదలు చీల్చుకుంటూ ఒక పోతుజింక దూకి, నేరుగా బిడ్డ దగ్గరికి వచ్చింది. దాని వెనకే విల్లు ఎక్కుపెట్టి ఊళ్ళోని ముసలి వేటగాడు ముత్యాలు తాత!

"తాతా, ఆగు! నీకు పుణ్యముంటాది!"

"నా మనవళ్ళు గంజి మొగం చూసి ఎన్నాళ్ళాయెనో నీకేం తెలుసే!" ముసలాయన కళ్ళు మూసుకుని బాణం వదిలాడు.

లేవాలంటే కూన నోటి నుంచి పాలు లాక్కోవాలి. కోనమ్మ కదల్లేదు. కూన చివరి గుక్క మింగింది. బిడ్డ కోసం వంగిన జింక అలాగే మనిషైంది. బాణం గురవయ్య వంగిన వీపు మీదుగా పోయి చెట్టుకు గుచ్చుకుంది. చుట్టూ జింకలు మనుషులై లేచారు. రక్కసి పాలిచ్చే జింకను పిలిచి బిడ్డ ఆకలి తీర్చింది. మబ్బు ఉరిమి వాన దిగింది. రాజు సిగ్గుపడి అడవి పెత్తనం కోనమ్మకే అప్పజెప్పాడు.

కథ అయిపోయింది, పిల్లలూ. మీ ఇంట్లో చంటిబిడ్డ ఉందా? చప్పుడు చేయకుండా ఉయ్యాల దగ్గరికెళ్ళి, ఆకలితో మేలుకుని ఉందేమో ఒక్కసారి చూసి రండి.