నెత్తుటి సీసా

ఇనుపరాడ్ రెండోసారి లేచింది.

దుర్గేష్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నోట్లోంచి కారిన నెత్తురుకు చొక్కా తడిసిపోయింది.

"మా బావని చంపేసి నాటకాలాడుతున్నావేంట్రా?" తేజేష్ గాండ్రించాడు.

"నేనొచ్చేసరికే సచ్చి పడున్నడన్నా! కొట్టకే!"

రాడ్ దిగేలోపే ఇన్‌స్పెక్టర్ స్వర్ణలత లాఠీ తేజేష్ మణికట్టు మీద పడింది. రాడ్ ఎగిరి సిమెంటు మీద ఖణేలుమంది.

"మళ్ళ చెయ్యి లేస్తే విరుగుతది. జరుగు!"

నాచారంలో ఓ గ్యాస్ ప్లాంటు షెడ్డు అది. లోపల రియాక్టర్ పక్కన తేజేష్ బావ, షిఫ్ట్ ఇన్‌చార్జి త్రిమూర్తులు శవం. పైపు రెంచి దెబ్బలకు తల వెనకభాగం నుజ్జయింది. బిగుసుకున్న పిడికిట్లో గాజు శాంపిల్ సీసా. దాని చుట్టూ రక్తం. రెంచి మాత్రం షెడ్డులోనే ఉండే మెకానిక్ దుర్గేష్ టూల్‌బాక్స్‌లో దొరికింది.

"రేపు ప్లాంటు కొనేటోళ్ళు వస్తున్నరు మేడమ్," దుర్గేష్ రొప్పాడు. "గ్యాస్ లీకైతుంది, బంద్ పెడతనని త్రిమూర్తులన్న మేనేజర్ సార్‌తోని లొల్లి పెట్టుకున్నడు."

"అబద్ధం!" మేనేజర్ చిదంబరం ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "ఐదున్నరకు నేను ఉప్పల్ బయల్దేరాను. అప్పటికి త్రిమూర్తులు బతికే ఉన్నాడు. వీడు ఆరింటికి గేటు దాటాడు. కెమెరా చూసుకోండి."

"చూసిన. ఐదున్నర దాకా లోపల మీరిద్దరేనా?"

"ఇద్దరమే."

"ఈ మిషన్ పనేంది?"

"సింథసిస్ గ్యాస్ తయారీ. వేడి మీథేన్‌ను ఐరన్ ఆక్సైడ్ పొడి మీదుగా పంపుతాం. అది పొడిలోని ఆక్సిజన్ లాక్కుని సింథసిస్ గ్యాస్‌గా మారుతుంది. ఎర్రపొడి నల్లబడుతుంది. తర్వాత గాలి పంపితే మళ్ళీ ఎర్రబడుతుంది."

"శాంపిల్?"

"ఒక్కో దశ ముగియగానే తీసి, గాలి తగలకుండా మూత బిగిస్తాం."

"ఇయ్యాల గాలి ఎవరు పెట్టిన్రు?"

"త్రిమూర్తులే. ఐదింటికి గాలి వాల్వ్ చేత్తో తెరిచినట్టు కంప్యూటర్లో ఉంది. ఎర్రపొడి తీసి నాకు చూపించాడు కూడా. అదిగో, చేతిలో ఉన్న సీసాయే."

క్లూస్ టీమ్ ఫోటోలు తీయడం ముగిసింది. స్వర్ణలత గ్లౌజులు తొడుక్కుని ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది. సీసాకు ఒకపక్క అంటిన రక్తాన్ని దూదితో తుడిచింది.

లోపల పొడి బొగ్గులా నల్లగా ఉంది.

చిదంబరం చేతిలోని రుమాలు జారిపోయింది.

"ఎర్రగున్నది నెత్తురు సార్, పొడి కాదు. మీథేన్ ఆగంగనే తీసిన శాంపిలిది. గాలి పెట్టకముందే ఈయన తల పగిలింది. మరి ఐదింటికి వాల్వ్ తెరిచిందెవరు? శవమా? దుర్గేష్ అప్పటికింకా గేటే దాటలేదు."

తేజేష్ రాడ్ కోసం వంగాడు. దాని మీద అప్పటికే ఆమె బూటు ఉంది.

"ఎవరు మేడమ్?" అతను తలెత్తి ఆమెను చూశాడు. "పేరు చెప్పండి. అనవసరంగా ఎవడినో చంపేయబోయాను."

బేడీలు టక్కున పడ్డాయి.

"మీ బావను చంపింది చిదంబరం."