సంపూర్ణమ్మగారి ఖాళీ తేదీ

"ఆగండాగండి! ఆ సున్నం వెయ్యకండి!"

రమేష్ బాబు చేతిలో కుంచె గాల్లోనే ఆగిపోయింది. రేపు సమాధుల పండగ, క్రైస్తవులు పోయినవాళ్ళ సమాధుల మీద పూలు, కొవ్వొత్తులు పెట్టే రోజు. కొవ్వూరు సమాధుల తోటలో అందరూ సున్నం బకెట్లతో దిగిన వేళ అడ్డొచ్చిందెవరా అని తిరిగి చూశాడు. అంతే, అయిపోయాడు. సమాధుల మధ్య అంతంత కళ్ళున్న పిల్ల కనబడితే ఎవరికి మాత్రం మతి నిలుస్తుంది, చెప్పండి!

"నా పేరు కౌముదండి. ఎం.ఏ. ఆర్కియాలజీ. పోయినవాళ్ళని మనవాళ్ళు ఎలా గుర్తుపెట్టుకుంటారన్నది నా ప్రాజెక్టు. ఇదొక్కటీ కొలిచేస్తే సాయంత్రం బండికి వైజాగ్ వెళ్ళిపోతాను."

సాయంత్రం బండికా! రమేష్ కుంచె బకెట్లో పడేశాడు.

కౌముది టేపు చేతికి చుట్టుకుని పలకమీది అక్షరాలు చదివింది. "సంపూర్ణమ్మ. జననం 1944. మరణం... ఖాళీగా ఉందేంటండి? ఈవిడ మీకేమవుతారు?"

"మా మామ్మండి."

"అయ్యో! తేదీ చెక్కించడానికి కూడా మనసొప్పలేదా?" ఆ పెద్ద కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అసలు సంగతేంటంటే, తాతయ్య పోయినప్పుడే మామ్మ ఆయన సమాధి పక్కన తనకీ ఒకటి కట్టించేసుకుంది. తర్వాత పిల్లలు కడతారో లేదోనని అనుమానం. ఆ ముక్క చెప్పేస్తే పిల్ల టేపు మడిచి వెళ్ళిపోతుంది. రమేష్ బుద్ధి గడ్డి తింది.

"మర్చిపోలేకపోతున్నామండి," అన్నాడు గొంతు బొంగురు చేసి. "ఆవిడ చేతి అల్లం గారెలు తల్చుకుంటే..."

"చెప్పండి, చెప్పండి," అంటూ కౌముది పక్కనే కూలబడి కర్చీఫ్ తీసింది.

"ఒరేయ్ రమేషూ! నా సమాధికి రెండో పూత వేశావా, కబుర్లాడుతున్నావా?"

తెల్లచీరలో, చేతిలో క్యారేజీతో సాక్షాత్తూ సంపూర్ణమ్మ. కౌముది కెవ్వుమని వెనక్కి గెంతి సున్నం బకెట్లో కాలు పెట్టింది.

"దడుచుకోకమ్మా, నేనింకా పోలేదు. నాకోసమేనా ఏడుస్తున్నావు? మా కోడలు కూడా ఇంత ఏడవదే!"

"బతికున్న మనిషిని చంపేస్తారా? సిగ్గులేదూ!" కౌముది రమేష్ మీద విరుచుకుపడింది.

"నిజం చెప్తే వెళ్ళిపోతారని భయమేసిందండి. తప్పే. కానీ మీరు నాకు నచ్చేశారండి."

మామ్మ క్యారేజీ మూత తీసి గారె ఒకటి కౌముది చేతిలో పెట్టింది.

"కోతలు కొయ్యడం వాడికి తాత పోలికమ్మా. ముందిది తిను. ఇంతకీ నీ పనైపోయినట్టేనా?"

కౌముది రమేష్ వైపు కోపంగా చూడబోయింది. నవ్వొచ్చేసింది.

"ఎక్కడండీ! మరణం తేదీ లేందే రికార్డు పూర్తికాదు. అది తెలిసేదాకా వచ్చిపోతూ ఉండాల్సిందే."

రమేష్ బాబు అక్కడికక్కడే చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు.

"ఏంటది?" అంది కౌముది.

"ప్రార్థనండి. మామ్మని నూరేళ్ళు చల్లగా ఉంచమని."

"మామ్మ కోసమేనా?"

రమేష్ ఒక కన్ను తెరిచాడు. "సగం మామ్మ కోసమండి."