రెండో మాట

మొదటిసారి కలిసినప్పుడే ఆ నర్సు అతన్ని దులిపేసింది.

"ఏమండీ ఫొటో మాస్టారూ! ముసలాయన్ని ఆ చల్లటి బల్ల మీద పడుకోబెట్టారు, ఒక దుప్పటి పరచాలని తోచలేదా?"

ఎక్స్‌రే గదిలో పనిచేసే అతనికి ఆసుపత్రిలో ఇక ఆ పేరే స్థిరపడింది. కోపం రాలేదు. మర్నాడు బల్ల మీద దుప్పటి ఉంది. ఆమె చూసింది. అప్పట్నుంచి తన వార్డు పేషెంట్లను చక్రాల కుర్చీలో తనే తోసుకొచ్చేది.

తొలి వానలకు ఆమెకు దగ్గు పట్టుకుంది. చక్రాల కుర్చీ చప్పుడు కన్నా ముందు ఆ దగ్గే వినిపించేది. వినగానే అతను జుట్టు సర్దుకునేవాడు.

వానలు వెళ్లిపోయాయి. దగ్గు వెళ్లలేదు.

"సిస్టర్, ఒక్కసారి ఇలా నిలబడండి. చిటికెలో తీసేస్తా."

"మాకేం వస్తాయండీ రోగాలు! రోజూ చూసే మొహమే కదా అని పక్కకి తప్పుకుంటాయి."

"ఈ మాట పేషెంటు అంటే?"

"చెవి మెలిపెట్టి లాక్కొస్తాను."

"మరి మీ చెవి?"

"ముందు మీ నడుం చూపించుకోండి సార్. ఆ సీసపు కోటు మోసీ మోసీ కొడవలైపోయారు."

అతను నవ్వేశాడు. నిజమే, అతనూ చూపించుకోలేదు. అక్కడ అందరి వైద్యం ఒకటే: నిలబడి ఒక బిళ్ల మింగడం, నడుస్తూ మరిచిపోవడం.

ఒక మధ్యాహ్నం ఆమె మెట్ల దగ్గర గోడ పట్టుకుని ఆగిపోయింది. ఆయాసం.

"రండి," అన్నాడతను.

ఆమె వాదించలేదు. అతనికి భయమేసింది అందుకే.

ఛాతీ పలకకు ఆనించి నిలబెట్టి, గాజు అద్దం వెనక్కి వెళ్లాడు. రోజంతా అతను అనే మాటలు రెండే.

"ఊపిరి పీల్చి బిగబట్టండి."

మీట నొక్కాడు. తెర మీద బొమ్మ తేలింది. కుడివైపు పైన, నిమ్మకాయంత తెల్లటి ముద్ద.

రెండో మాట నోట్లోనే ఉండిపోయింది.

ఆమె బిగబట్టుకునే ఉంది. చివరికి దగ్గు తన్నుకొచ్చింది. తగ్గాక, ఇటు తిరగకుండానే అడిగింది.

"ఎవరికైనా 'వదలండి' అనడం ఎప్పుడైనా మరిచారా?"

అతను తెర మీంచి చూపు తిప్పలేకపోయాడు.

"సరే లెండి. తెలిసింది."

"డాక్టరు గారు చూసి చెప్పాలి. ఏదైనా కావచ్చు."

"ఆ మాట పేషెంట్లకు నేను చెబుతాను. నాకు కాదు."

అతను బయటికొచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నీ దగ్గు వినపడితే, వస్తున్నావని సంబరపడేవాణ్ణి," అన్నాడు. "ఇన్ని నెలలూ."

ఆమె ఇటు తిరిగింది. కళ్లు నిండి ఉన్నాయి.

"ఇష్టమని చెప్పడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకలేదా మాస్టారూ?"

బల్ల మీది దుప్పటి తీసి ఆమె భుజాల చుట్టూ కప్పాడు. చక్రాల కుర్చీ లాగాడు.

"నడుస్తాను."

"పేషెంటు మాట ఎవరు వింటారు? కూర్చో."

కూర్చుంది. ఎప్పుడూ తను వెనక నిలబడి తోసిన కుర్చీ అది.

డాక్టరు గది వైపు తోశాడు. బలంగా తోయబోయి ఆగాడు; చెయ్యి ఆనగానే కుర్చీ కదిలిపోయింది. రోజూ చూసిన మనిషి ఇంత తేలికైపోయిందని అతనికి అప్పుడే తెలిసింది.