ఆరు గంటలు ఆగండి

"రక్తం చూడకుండా అంకె చెప్పడానికి ఇదేమన్నా చిలక జోస్యమా మేడం?"

గుండె వార్డుకు కొత్తగా వచ్చిన ఫార్మసిస్టుతో ల్యాబ్ టెక్నీషియన్ అన్న మొదటి మాట అది. ఆమె కోప్పడలేదు. పేషెంటు వయసు, బరువు, కిడ్నీల పనితీరు, మాత్ర మోతాదు చూసి లెక్క కట్టింది.

"రక్తంలో మందు ఒకటి పాయింట్ రెండు ఉంటుంది. మీ మెషిన్‌ని అడగండి."

మెషిన్ కూడా అదే చెప్పింది.

అప్పట్నుంచి ఆ ల్యాబ్ కుర్రాడిది ఇంట్లో అమ్మమ్మ దగ్గర ఒకటే భజన. "అబ్బ, ఏం బుర్ర అమ్మమ్మా ఆ అమ్మాయిది!"

అమ్మమ్మ కూడా ఆ గుండె మాత్రే వేసుకుంటుంది. లెక్కల సంగతి ఆవిడకెందుకు? "పెళ్లయిందటరా?" అని మాత్రం అడిగింది.

ఓ ఉదయం అమ్మమ్మకే పరీక్ష వచ్చింది. ఫార్మసిస్టు అంచనా సున్నా పాయింట్ తొమ్మిది. మెషిన్ రెండున్నర చూపించింది.

అతను రిపోర్టు తీసుకుని వార్డుకు ఉరికాడు. రెండు దాటితే ఆ మందే విషం. మాత్ర ఆపేద్దామన్నాడు డాక్టరు. ఆపితే పాత గుండెదడ తిరగబెడుతుంది.

"మీ లెక్క తప్పిందండీ." అతని గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ.

"తప్పితే ఒప్పుకుంటాను. కానీ ఆవిడకి వికారం లేదు, నాడి బాగుంది. చూడండి, నర్సుని ఎలా ఆటపట్టిస్తున్నారో!" అంటూ ఆమె వెళ్లి వార్డులో అమ్మమ్మ మంచం పక్కన కూర్చుంది. "అమ్మమ్మగారూ, మాత్ర ఎప్పుడు వేసుకున్నారు?"

"ఇందాకే తల్లీ, ఇక్కడ వరసలో కూర్చున్నప్పుడు."

"రోజూ రాత్రి కదే వేసుకునేది!" మనవడు అదిరిపడ్డాడు.

"రాత్రి వేసుకుంటే పొద్దుటికి అరిగిపోదూ? రక్తంలో మందు కనబడకపోతే పాపం ఈ పిల్ల లెక్క తప్పుతుందని దాచుకుని తెచ్చుకున్నా."

ఫార్మసిస్టు పకపకా నవ్వేసింది. "మింగిన కొత్తలో మందు రక్తంలో ఎగిరిపడుతుంది. ఆరు గంటలు ఆగితే ఒంట్లో సర్దుకుంటుంది. అప్పుడొచ్చేదే అసలు అంకె. సాయంత్రం మళ్లీ చూద్దాం." డాక్టరు సరేనన్నాడు.

పోయిన ప్రాణం లేచొచ్చింది అతనికి. ఆ ఊపులో వరండాలోనే అనేశాడు. "మీరంటే నాకు చచ్చేంత ఇష్టమండీ!"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఇప్పుడు కాదు. ఇది ఎగిరిపడే టైము. ఆరు గంటలు ఆగి చెప్పండి."

సాయంత్రం బయట వాన దంచికొడుతోంది. అమ్మమ్మ రిపోర్టు పట్టుకుని అతను పరుగున వచ్చాడు.

"సున్నా పాయింట్ తొమ్మిది!"

ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. తర్వాత తల దించుకుని అడిగింది. "మరి... రెండోది?"

"పొద్దున ఎంతుందో అంతే ఉందండీ. చుక్క తగ్గలేదు."

"నా అంచనా కూడా అంతే" అందామె, రిపోర్టుతో పాటు అతని చేతినీ అందుకుంటూ.

మంచం మీద నుంచి అమ్మమ్మ కళ్లొత్తుకుంది. "చూశారా, నా మాత్ర ఊరికే పోలేదు!"