సున్నా ముందు ఒకటి

లెక్కల టీచర్‌కి ఏటా ఒక ముచ్చట. తన తరగతి పిల్లలకి చీటీలిచ్చి, మీ జీవితం మీకెంత నచ్చిందో పదికి మార్కులెయ్యమంటుంది. రెండేళ్ళుగా వాటిని పోగుచేసి తెచ్చే పని ఒకే క్లాస్ లీడర్‌ది. చూసి రమ్మంటే కాల్చి వచ్చే పిల్ల.

పోయినేడు అందరూ ఆరో ఏడో వేసుకుంటే, నోట్లో నాలుక లేని ఒక పిల్ల చీటీలో మాత్రం పదికి పది ఉంది. ఓ మధ్యాహ్నం ఆ పిల్లకి రెండు జడల్లో ఒకటి తెగిపోయి కనబడింది. అడిగితే, చిక్కుపడితే నేనే కోసుకున్నానంది. టీచర్ నమ్మేసింది. పిల్లలన్నాక సవాలక్ష చేస్తారు కదా. పరీక్షలు రాకముందే ఆ పిల్ల పోయింది. తల్లి వచ్చి గుండెలు బాదుకుంటుంటే టీచర్ ఆ చీటీ చూపించి, బళ్ళో సంతోషంగానే ఉండేదమ్మా అంది. ఆ చీటీ ఇంకా రిజిస్టర్‌లోనే ఉంది.

ఈ ఏటి చీటీలు ముందేసుకుని, బడి వదిలాక టీచర్ల గదిలో ఒక్కతే కూర్చుంది. బయట ముసురు. లోపల తడిసిన యూనిఫాం వాసన... గదిలో మరెవరూ లేరు.

ఈ ఏడే కొత్తగా చేరి, కిటికీ పక్క కూర్చునే పిల్ల చీటీ తీసింది. 10 అని ఉంది. చూస్తుండగానే ముందున్న ఒకటి పలచబడింది... మాసిపోయింది... సున్నా మిగిలింది.

గబగబా రిజిస్టర్ తెరిచింది. పాత చీటీలోనూ సున్నాయే.

చెవి పక్కనే ఎవరో గుసగుసగా అన్నారు.

"ఒకటి నేను వెయ్యలేదు టీచర్."

రెండు చీటీలూ వచ్చింది లీడర్ చేతి మీదుగానే. ఆ కన్నతల్లికి తనేం చూపించిందో తలుచుకుంటే ఏడుపు తన్నుకొచ్చింది. ఈ పిల్లనైనా దక్కించుకోవాలని, ఇంకా బళ్ళోనే ఉందేమోనని తరగతి వైపు పరుగెత్తింది.

తరగతి గదికి బయట గడియ పెట్టి ఉంది. తీసింది. మసక చీకట్లో కిటికీ పక్క పిల్ల కూర్చుని ఉంది. చెంప వాచింది.

"భయమేసిందా అమ్మా?"

"లేదు టీచర్. ఒంటిజడ అక్క తోడుంది."

"ఏదీ?"

"లీడర్‌ని ఇంటిదాకా దిగబెడతానని వెళ్ళింది."

పిల్లని ఒళ్ళోకి పొదువుకుని, టీచర్ లీడర్ ఇంటికి ఫోన్ చేసింది. ఎంత చేసినా అదీ పిల్లే కదా. తల్లి నింపాదిగా, ఇప్పుడే వచ్చిందండీ అంది.

"ఎవరో స్నేహితురాలు కూడా వెంటొచ్చింది. ఇద్దరూ గదిలో గడియేసుకున్నారు. కత్తెర కావాలంటే ఇచ్చానండీ."