ఏడో బెడ్డు రద్దయింది

ఆదివారం మా డయాలసిస్ సెంటర్‌లో మెషీన్లకు సెలవు. ఆ రోజు నీళ్ళ ప్లాంటు కడుగుతారు కాబట్టి హాలంతా బ్లీచింగ్ వాసన. పన్నెండు బెడ్లూ ఖాళీగా ఉంటాయి. కమల సిస్టర్ ఒక్కతే మూలనున్న టేబుల్ దగ్గర కూర్చుని దూది ఉండలు చుట్టుకుంటూ ఉంటుంది. పలాస మొత్తం జీడిపిక్కల బట్టీ పొగ వాసన వేస్తే మా సందులో మాత్రం ఇదే వాసన. సర్వర్ ముట్టుకోవడానికి నాకు వీలు చిక్కేది ఆ ఒక్క రోజే. సోమవారం పొద్దున్న ఆరింటికల్లా కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ ఉద్దానం ఊళ్ళ నుంచి పేషెంట్ల ఆటోలు వచ్చేస్తాయి.

నా పేరు జయకృష్ణ. సెంటర్‌లో కంప్యూటర్ల పని నాది. నాకు ముందు ఉమామహేష్ చూసేవాడు. అతను ఇక్కడ పేషెంటు కూడా. ఏడో బెడ్డు మీద ఎడమ చేతికి సూదులు గుచ్చి ఉంటే కుడిచేత్తో ల్యాప్‌టాప్ మీద కొట్టుకుంటూ, ఏ షిఫ్టులో ఎవరికి ఏ బెడ్డో చెప్పే రోస్టర్ ప్రోగ్రామ్ మొత్తం రాశాడట. నిరుడు జూలైలో పోయాడు. అయినా జనం వదలరు. ప్రింటర్ మొరాయిస్తే చాలు, అదే ఉమామహేష్ ఉంటేనా అంటారు. మేనేజర్ తారకేశ్వరరావు గారైతే నా మొహం మీదే అంటారు.

అసలు మంట అది కాదు, దాచడమెందుకు? ఉమామహేష్ నా భార్య ప్రమోదినికి మేనమామ కొడుకు. పుట్టినప్పుడే ఇద్దరికీ అనుకున్నారు. అతని కిడ్నీలు పోయాయని తెలిశాక పెద్దవాళ్ళు ఆ మాటెత్తడం మానేసి పిల్లని నాకిచ్చి చేశారు. రెండేళ్ళయింది. ఇప్పటికీ అతని పేరొస్తే ప్రమోదిని చేస్తున్న పని ఆపేసి లోపలికెళ్ళిపోతుంది. ఏడ్చినా నాకింత బాధ ఉండేది కాదు. చచ్చిపోయినవాడి మీద అసూయేమిటని మీరు నవ్వొచ్చు. బతికున్నవాడైతే ఒకరోజు ఎదురుపడి తేల్చుకునేవాణ్ణి.

ఆ ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రామ్ పెట్టడానికి కూర్చున్నాను. రోస్టర్‌కు దాన్ని తగిలిస్తే పేషెంట్ల ఫోన్లకు ముందురోజే మెసేజ్ వెళ్తుంది. మర్నాటికల్లా అయిపోవాలని మేనేజర్ ఆర్డరు. ఇన్‌స్టాల్ కొట్టగానే తెర నిండా ఎర్రక్షరాలు. ప్రోగ్రామ్‌లు పంచుకునే కోడు మూటను లైబ్రరీ అంటాం, అలాంటిదొకటి కొత్త వెర్షన్ కావాలంది. కొత్తది వేయబోతే పాతది కదలనంది. మా పనిలో ఒక ప్రోగ్రామ్ ఇంకోదాని మీద నిలబడుతుంది, అది మరోదాని మీద. వాటినే డిపెండెన్సీలంటాం. పాతదాన్ని ఏది పట్టుకుని కూర్చుందో తెలిస్తే తప్ప ముందుకు పోలేం.

బయట సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. సర్వర్ గదికి కిటికీ లేదు. ఫ్యాన్ల రొద తప్ప ఏమీ వినపడదు. కమల సిస్టర్ గుమ్మంలోకొచ్చి తొంగిచూసింది.

"ఏటండీ జయకృష్ణ గారూ, ఇంకా అవ్వలేదేటి? ఉమామహేష్ బాబైతే ఈపాటికి సేసీసి టీ కూడా తాగీసీవోడు."

ఒక్కొక్క ఫైలూ విప్పుకుంటూ పోతే అన్నింటికీ అడుగున చిన్న ఫైలొకటి దొరికింది. పాత లైబ్రరీని పట్టుకుని కూర్చున్నది అదే. దాన్ని అలాగే వదిలేసి, ప్లగిన్‌కు వేరే ఫోల్డర్‌లో కొత్త లైబ్రరీలు పెట్టుకోవచ్చు. గంట పని. చేసేవాణ్ణే, ఆ ఫైలు తెరవకుండా ఉండి ఉంటే.

మొదటి లైనులో ప్రమోదిని పేరుంది. పక్కన ఫోన్ నంబరు. ఇంట్లో ఆమె వాడుతున్న నంబరే. నాకూ మా అత్తగారికీ తప్ప ఎవరికీ తెలియని నంబరు.

ఒళ్ళు భగ్గుమంది. కింద ఇంకేవో అంకెలున్నాయి గానీ చదివే ఓపిక ఎక్కడిది? ఫోన్ తీసి ఇంటికి కొట్టాను.

"పెళ్ళయ్యాక ఉమామహేష్‌తో ఎన్నాళ్ళు మాట్లాడావు?"

అవతల మంచం కిర్రుమంది.

"ఏటా మాటలు? నానెందుకు మాటాడతాను? పొద్దుట్నించి నా కాళ్ళు పొంగిపోయున్నాయి. లెగలేకపోతన్నాను. మీరు రాగానే ఓపాలి ఆస్పత్రికి ఎల్దావండీ..."

"మాట మార్చకు" అని పెట్టేశాను.

ఫైలు తీసేయమని కొట్టాను. దీని మీద ఆధారపడింది ఒకటుంది, దాన్నీ తీసేయాలా అని అడిగింది సర్వర్. ఇలాంటివి రోజూ వంద అడుగుతుంది, ఎవరు చదువుతారు? అవునని గట్టిగా నొక్కాను. కొత్త లైబ్రరీ దిగింది. ప్లగిన్ దిగింది. ఇంత తేలిగ్గా వదులుతావని తెలిస్తే మొదటిరోజే తుడిచేసేవాణ్ణి రా అని తెర మీదకే అన్నాను.

కరెంటు పోయింది.

యూపీఎస్ కూత మొదలైంది. దాని వెనక ఇంకో కూత... హాల్లోంచి. సన్నగా, తెరలు తెరలుగా. డయాలసిస్ మెషీన్ అలారం అది. మెషీన్ల మెయిన్ స్విచ్ పొద్దున్నే కట్టేశారు. నీళ్ళూ లేవు. ఏది మోగుతోంది?

కమల సిస్టర్ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడో బెడ్డు వైపు చూస్తోంది.

"ఆ ప్లగ్గు పీకీసే ఉందండీ..." గొణిగింది. "నానే పీకినాను."

బ్లీచింగ్ వాసన పోయింది. వేడి రక్తం వాసన... ఇనుప వాసన. ఏడో బెడ్డు మీద దుప్పటి మధ్యలో కుంగి ఉంది. మనిషి పడుకుంటే కుంగేటంత. చూస్తుండగానే మెల్లగా లేచింది. ఎవరో లేచి వెళ్ళిపోయినట్టు... అలారం ఆగింది.

నా జేబులో ఫోన్ మోగింది. ప్రమోదిని.

"ఏవండీ, ఏదో మెసేజ్ వచ్చింది. మీ బెడ్డు రద్దయింది అనుంది. రద్దు చేసినవారు జయకృష్ణ అనుంది. ఏటండీ ఇది?"

ప్లగిన్‌లో నేనింకా ఒక్క నంబరు కూడా ఎక్కించలేదు. నంబరు... అప్పుడు తట్టింది. ఆ సిమ్ నేనే కొన్నాను. కాశీబుగ్గలో, ఈ జూన్‌లో. ఉమామహేష్ పోయింది నిరుడు జూలైలో.

కరెంటు రాగానే పరుగున వెళ్ళి బ్యాకప్ తెరిచాను. ముందురోజు రాత్రి బ్యాకప్‌లో ఆ ఫైలే లేదు. ఏ బ్యాకప్‌లోనూ లేదు. తీసేసినవాటి చిట్టాలో మాత్రం దాని వివరం మిగిలింది. తయారైంది ఆ రోజు మధ్యాహ్నం, నేను కుర్చీలో కూర్చున్న తరవాత. కోపంలో నేను చదవని అంకెలు కూడా అందులో ఉన్నాయి. ఏడో బెడ్డు, సోమవారం, మొదటి షిఫ్టు. అతను ప్రమోదినికి ప్రేమలేఖ రాయలేదు. చోటు ఆపి పెట్టాడు.

మంగళవారం రక్తపరీక్ష చేయించాం. రిపోర్టు చూసి డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచారు. రెండు కిడ్నీలూ దాదాపు పోయాయి, వెంటనే డయాలసిస్ మొదలుపెట్టాలన్నారు. మా సెంటర్‌లో బెడ్లన్నీ నిండి ఉన్నాయి. ఏడో మెషీన్ ఆ ఆదివారం నుంచి తిరగడం లేదు. ఇంజనీరు రెండుసార్లు వచ్చి అన్నీ బాగానే ఉన్నాయని తల గోక్కుని పోయాడు. టెక్కలి వైపు వాకబు చేస్తే అక్కడా ఖాళీ లేదు. శ్రీకాకుళం తీసుకెళ్ళి చేయించుకొచ్చేవాణ్ణి. వారానికి మూడుసార్లు ఆ ప్రయాణానికి ఆమె తట్టుకోలేకపోయింది. మూడోవారం దారిలోనే స్పృహ తప్పింది.

"మెషీన్ తిరిగితే ఆ బెడ్డు ముందు మీ ఆవిడకే" అన్నారు తారకేశ్వరరావు గారు.

ప్రతి ఆదివారం సర్వర్ ముందు కూర్చుని ఏడో బెడ్డుకు ప్రమోదిని పేరు కొట్టాను. సేవ్ చేసేసరికి ఉండేది కాదు. రోస్టర్‌లో పేషెంటుకు తోడు ఎవరొస్తారో రాసే గడి ఒకటుంది. అందులో నా పేరు కొట్టేవాణ్ణి. భర్త అని కూడా రాసేవాణ్ణి. రెండూ కలిసే పోయేవి. అతని పాస్‌వర్డు ఊహించి చూశాను. తిట్టాను. నాలుగో ఆదివారం సిగ్గు విడిచి, కీబోర్డు మీద చేతులు జోడించి, అన్నా అని పిలిచాను. బతికుండగా ఆ మనిషిని నేనెన్నడూ అలా పిలవలేదు. తోడు గడి ఖాళీగా వదిలేసి సేవ్ కొట్టాను.

పేరు నిలిచింది. హాల్లో ఏడో మెషీన్ దానంతటదే తిరగడం మొదలుపెట్టింది.

పొద్దున్న ప్రింటు తీస్తే ఖాళీ గడిలో ఉమామహేష్ అనుంది. తుడిచేద్దామని నా వేలు కీ దాకా వెళ్ళింది. తుడిస్తే ఏం పోతుందో తెలుసు. అలాగే ఉంచేశాను. అంత మంటా దిగమింగుకుని ఉంచేశాను.

ఆరింటికి ప్రమోదినిని పడుకోబెట్టి, మెడ దగ్గర ట్యూబు తగిలించి కమల సిస్టర్ పక్కకు వెళ్ళింది. మొదటి గంటకే మొహంలో కాస్త కళ వచ్చింది. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. బెడ్డు పక్కన స్టూలు ఖాళీగా ఉంటే లాక్కుని కూర్చోబోయాను.

ప్రమోదిని కళ్ళు తెరిచింది.

"అక్కడ కూకోకండి" అంది, మెల్లగా.

"ఏం?"

మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఆమె కుడిచెయ్యి బెడ్డు అంచు దాటి, స్టూలు మీదుగా గాలిలో ఉంది. కింద ఆసరా ఏమీ లేదు. వేళ్ళు ఎడంగా విడివడి, కాస్త వంగి ఉన్నాయి. నేను చూస్తూ ఉండగానే వేళ్ళ మధ్య చర్మం తెల్లగా నొక్కుకుపోయింది.